నిచ్చెన నడిచిన దారి

వియ్యంకుడు ఫోన్ చేసినప్పుడు లిఫ్టు మెకానిక్ ఓ ఆఫీసు భవనం ఆరో అంతస్తులో, తెరిచిన లిఫ్టు తలుపుల ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. చేతులకు గ్రీజు. ఫోన్‌ను భుజానికీ చెవికీ మధ్య నొక్కిపెట్టాడు.

"బావగారూ, వచ్చే ఆదివారం ఖాయం చేసేశాను. మీరు చెప్పే ఆ పైన్ అడవి, పచ్చిక బయళ్ళు అన్నీ చూడాల్సిందే. మీరిద్దరూ, మేమిద్దరం, పిల్లలిద్దరూ. ఎన్నింటికి బయల్దేరాలి, నీళ్ళెక్కడ దొరుకుతాయి, ఎక్కడ కూర్చుని తినాలి, అంతా మీరే కాగితం మీద రాసి పట్రండి. శనివారం మా ఇంట్లో కూర్చుందాం."

"దానికేముంది బావగారూ" అన్నాడు మెకానిక్. ఫోన్ పెట్టేశాక, చేతిలో ఉన్న స్క్రూ ఎక్కడిదో ఎంతకీ గుర్తు రాలేదు.

ఆ దారిలో అతను నడవలేదు.

నడుద్దామని వెళ్ళిన మాట నిజమే. ఇరవై రెండేళ్ళ కిందట, తనకు పని నేర్పిన సీనియర్ వెంట వెళ్ళాడు. మనిషి పొడవు చూసి కంపెనీలో అందరూ ఆయన్ని నిచ్చెన అనేవారు. బస్సు దిగి అడవిలోకి అడుగుపెట్టి అరగంటైనా కాలేదు. రాలిన పైన్ ఆకులు సూదుల్లా పరుచుకుని కాళ్ళ కింద జారుతున్నాయి. పక్కనే లోయ. పదంతస్తుల లిఫ్టు గోతి మీద వంగి పనిచేసే మనిషికి అక్కడ కాళ్ళు వణికాయి. కడుపునొప్పని చెప్పి వెనక్కి వచ్చేసి, బస్టాప్ దగ్గర టీ కొట్టులో సాయంత్రం దాకా కూర్చున్నాడు. నిచ్చెన ఒక్కడే కొండంతా చుట్టి వచ్చి, తిరుగు బస్సులో చూసిందంతా పూసగుచ్చినట్టు చెప్పాడు.

ఇంట్లో భార్య "ఎలా ఉంది?" అని అడిగితే, మెకానిక్ బస్సులో విన్నది చెప్పాడు. మొదట్లో ఆ కథలో నిచ్చెన ఉండేవాడు. కొన్నాళ్ళకు "మేము" అయింది. కూతురికి చెప్పేనాటికి "నేను" అయిపోయింది. పెళ్ళి మాటలప్పుడు వియ్యంకుడు తనకు నడకంటే ఇష్టమనగానే, భార్య అందుకుని, "మావారు ఆ కొండంతా ఒక్క రోజులో చుట్టేశారండీ" అంది. అప్పుడైనా కాదనాల్సింది. నవ్వి ఊరుకున్నాడు.

మర్నాడు పని అయ్యాక నిచ్చెన ఇంటికి వెళ్ళాడు. రిటైరయ్యాక ఆయన్ని చూడటానికి వెళ్ళడం ఇదే మొదలు. బతుకంతా లిఫ్టులు బాగుచేసిన మనిషి, లిఫ్టు లేని భవనంలో నాలుగో అంతస్తులో కొడుకూ కోడలి దగ్గర ఉంటున్నాడు.

"ఏరా, దారి తప్పి వచ్చావా?" అన్నాడు నిచ్చెన తలుపు తీస్తూనే.

"మావాళ్ళు ఆ పైన్ అడవికి వెళ్దామంటున్నారన్నా. దారి అడుగుదామని వచ్చాను."

పెద్దాయన ముఖం వెలిగిపోయింది. పాత క్యాలెండర్ కాగితం ఒకటి చింపి, వెనక వైపు తిప్పి, పెన్సిల్ పట్టుకున్నాడు.

"ఆరున్నరకల్లా అడవిలో ఉండాలి. దాటడానికి రెండు గంటలు. ఇదిగో, ఇక్కడ దారి రెండుగా చీలుతుంది. వెడల్పాటిది చూసి మోసపోకు, అది కలప మోసే దారి. సన్నది పట్టుకో. మొదటి బయల్లో నీళ్ళుండవు. రెండోది దాటాక రాళ్ళ మధ్య ఊట ఉంటుంది. మూడో బయలు చివర ఓ పెద్ద బండ ఉంది, దాని చాటున కూర్చుని తినండి, గాలి కొట్టదు. మధ్యాహ్నం రెండు గంటలు దాటాక మాత్రం పైన ఉండొద్దు, మబ్బు దిగుతుంది. మీ ఆవిడ మోకాలెలా ఉంది? దిగేటప్పుడు చేతికి కర్ర ఇవ్వు."

గంటకు పైగా గీశాడు. కోడలు ఇచ్చిన టీ చల్లారిపోయింది. చివరికి పెన్సిల్ కింద పెట్టి, కాస్త మొహమాటంగా అడిగాడు.

"నన్నూ తీసుకెళ్ళరాదూ? ఒక్కణ్ణే అంటే కోడలు పంపదు. మీతో అంటే ఏమీ అనదు. రోజూ నాలుగంతస్తులు ఎక్కి దిగుతున్నా, మోకాళ్ళకేం ఢోకా లేదు."

"బండిలో చోటు లేదన్నా."

మాట నోట్లోంచి దానంతటదే జారింది. వియ్యంకుడిది ఏడుగురు పట్టే బండి. వెళ్ళేది ఆరుగురు. కానీ నిచ్చెన వస్తే, ఎవరో ఒకరు ఆ పాత ప్రయాణం ప్రస్తావన తెస్తారు.

"అవునులే. కుటుంబమంతా వెళ్తున్నారాయె" అన్నాడు నిచ్చెన. కాగితం జాగ్రత్తగా మడిచి చేతిలో పెట్టాడు. మెట్ల దాకా వచ్చి, "సన్నదారి, మర్చిపోకేం" అన్నాడు. మెకానిక్ తలెత్తకుండా మెట్లు దిగాడు.

శనివారం వియ్యంకుడి ఇంట్లో బల్ల మీద ఆ కాగితం పరిచారు. అందరూ చుట్టూ మూగారు.

"ఇదీ ప్లానంటే! ఇన్నేళ్ళయినా రాయీ రప్పా మర్చిపోలేదు చూశారా" అన్నాడు వియ్యంకుడు.

"నేను చెప్పలేదా అన్నయ్యగారూ" అని భార్య మురిసిపోయింది.

"నిజానికి మా ఆవిడ భయపడి వద్దంటే వద్దంది. బావగారుండగా మనకేం భయమని ఒప్పించాను" అన్నాడు వియ్యంకుడు.

మెకానిక్ వియ్యపురాలి వంక చూశాడు. ఆవిడ నమ్మకంగా తలూపింది.

"నేనా దారిలో నడవలేదు" అన్నాడు.

వియ్యంకుడు నవ్వాడు. అల్లుడూ నవ్వాడు. మెకానిక్ ఆగకుండా చెప్పేశాడు. కడుపునొప్పి, టీ కొట్టు, బస్సులో విన్న కథ. కాగితం గీసింది ఎవరో కూడా చెప్పాడు. "వస్తానని నోరు తెరిచి అడిగాడు. చోటు లేదన్నాను" అన్నాడు.

వియ్యంకుడు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "చోటుంది కదండీ" అన్నాడు చివరికి, నెమ్మదిగా. తిట్టినా అంత బాధ ఉండేది కాదు.

రోడ్డు మీదికి రాగానే భార్య అతని వైపు తిరిగింది.

"ఎంతమందికి చెప్పించారు నాచేత!" అంది. "వెళ్ళి ఆయన్ని పిలవండి. రానంటే రానన్నారని వచ్చి చెప్పండి. జరిగింది జరిగినట్టు చెప్పండి చాలు."

ఆ సాయంత్రమే మెకానిక్ వెళ్ళి చెప్పిందంతా నిచ్చెన గుమ్మంలోనే నిలబడి విన్నాడు. లోపలికి రమ్మనలేదు.

"అది కడుపునొప్పి కాదని ఆ రోజే తెలుసురా. భయపడ్డావు. అందులో తప్పేముంది? నా కథ నీదని చెప్పుకున్నావా, చెప్పుకో, నాకేం తరుగుతుంది? కానీ ముసలాణ్ణి, సిగ్గు విడిచి అడిగాను..." ఆయన మాట పూర్తి చేయలేదు. "ఎన్నింటికి?" అన్నాడు.

"అయిదింటికన్నా."

తలుపు మూసుకుంది.

ఆదివారం తెల్లారకముందే ఆయన వీధి మలుపులో నిలబడి ఉన్నాడు. ముందు సీట్లో కూర్చుని దారి పొడుగునా వియ్యంకుడితో కబుర్లు చెప్పాడు. మెకానిక్‌తో ఒక్క మాట లేదు. అడవిలో అందరికన్నా వెనక, చెట్లు పట్టుకుంటూ, రెండు చోట్ల కూర్చుని పాకుతూ మెకానిక్ ఆ కొండ మొత్తం నడిచాడు. నవ్వే హక్కున్నా ఎవరూ నవ్వలేదు. మూడో బయల్లో బండ చాటున తినేటప్పుడు నిచ్చెన పక్కకు జరిగి కొంచెం చోటిచ్చాడు. మెకానిక్ కూర్చున్నాడు.

తర్వాతి వారం పక్కింటావిడ వచ్చి నడక కబుర్లు అడిగింది. మెకానిక్ లోపలి గదిలో బూట్లకు అంటిన మట్టి గీకుతున్నాడు.

"మావారి సీనియర్ ఒకాయన తీసుకెళ్ళారు" అంటోంది భార్య. "మావారు ఆ కొండెక్కడం ఇదే మొదటిసారి."

"అదేంటి, ఇదివరకు..." అంటోంది పక్కింటావిడ.

మెకానిక్ బూటు పక్కన పెట్టి, ఆవిడకు తానే చెబుదామని ముందు గదిలోకి వెళ్ళాడు.