తొంభై నాలుగు సారీలు

ఆఫీసులో ఆ అమ్మాయిని అందరూ గుసగుస అంటారు. ఏం మాట్లాడినా పక్క కుర్చీ దాటి వినిపించదు మరి. చేరి రెండు నెలలైంది. మెయిల్ సర్వర్ చూసుకోవడం ఆమె పని.

సర్వర్ నిండిపోయింది కాబట్టి ఆ రోజు నాలుగింటికి రెండేళ్ళు దాటిన మెయిళ్ళన్నీ చెరిపేస్తామని మేనేజరు ప్రకటించారు. రికార్డులు చూసే, ఆఫీసంతా పిన్ని అని పిలిచే ఆవిడ లబోదిబోమంది.

"మీ బాబాయి పెళ్ళికి ముందు నుంచీ ఆఫీసు మెయిల్లోనే సారీలు చెప్పాడే! తొంభై నాలుగు! అవి పోతే రేపు గొడవైతే ఏం చూపించను?"

"ప్రింటు తీసుకో పిన్నీ," అంది గుసగుస.

"కాగితమైతే చింపేస్తాడు. ఆయన సంగతి నీకు తెలీదు."

వారం రోజులుగా అందరూ పాత మెయిళ్ళు చెరుపుతూనే ఉన్నారు. అయినా గుసగుస రాసిన చిన్న ప్రోగ్రాము, ఆ స్క్రిప్టు, రోజూ మేనేజరుకు పంపే రిపోర్టులో మెయిళ్ళు ఆక్రమించిన చోటు అంకె కదలదు: నాలుగు వందల జీబీ.

భోజనాల దగ్గర పిన్ని ఖాళీ డబ్బాను సంచిలోకి కుక్కుతూ విసుక్కుంది. "ఇదేంటే, తిన్నాక కూడా ఇంతే ఉంటుంది!"

గుసగుస చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. తన స్క్రిప్టు కొలుస్తున్నది డబ్బానే! మెయిళ్ళు చెరిపినా అవి ఉండే డేటాబేసు ఫైలు చిన్నదవదు. దాని లోపల ఖాళీ ఏర్పడుతుంది, కొత్తవి అందులో సర్దుకుంటాయి. ఆ ఖాళీని ఎవరూ అడగలేదు, స్క్రిప్టు చెప్పలేదు.

మేనేజరు గది తలుపు దాకా రెండుసార్లు వెళ్ళింది. తలుపు తట్టలేకపోయింది. సరే, స్క్రిప్టే మాట్లాడుతుందని పరుగున వచ్చి రెండు లైన్లు చేర్చింది. లోపల నూట ముప్పై జీబీ ఖాళీ! ఆ సంబరంలో వేళ్ళు గంతులేశాయి. రోజుకొకసారి అన్నచోట నిమిషానికొకసారి అని, మేనేజరు అన్నచోట అందరూ అని పడింది.

టింగ్. ఆఫీసంతా టింగ్.

"లోపల ఖాళీ ఉందట!" అన్నాడు క్యాషియరు.

టింగ్.

"ఇంకా ఉందట!"

మూడో టింగ్‌కు మేనేజరు బయటికొచ్చారు. "ఎవరిదీ పని?"

"నాదే సార్!"

గేటు దగ్గర వాచ్‌మన్ కూడా తల తిప్పాడు. అంత గొంతు తనలో ఉందని గుసగుసకే తెలీదు. ఇక ఆగలేదు. "ఇన్నాళ్ళూ డబ్బాను కొలిచాను సార్! లోపలికి చూళ్ళేదు! ఇంకేం చెరపక్కర్లేదు!"

మేనేజరు రిపోర్టు చదివారు. మళ్ళీ చదివారు. టింగ్.

"చెరపడం ఆపేస్తున్నాం. ముందు నీ రిపోర్టు ఆపు తల్లీ, ఉన్న ఖాళీ అదే మింగేస్తుంది!"

గుసగుస నవ్వాపుకోలేక బల్ల కిందికి దూరింది. అంతలో కింది అంతస్తులో స్టోరు చూసే బాబాయి నుంచి పిన్నికి మెయిలొచ్చింది.

పిన్ని అద్దాలు సర్దుకుని బిగ్గరగా చదివింది: "నా సారీలన్నీ నాలుగింటికి పోతాయని పొద్దుట్నుంచీ ఈలలేస్తున్నాను. సారీ."

"తొంభై అయిదు!" అని అరిచింది గుసగుస, బల్ల కింది నుంచి.