ముళ్ళపంది

మూడేళ్ళుగా టైలరమ్మ ఎవరికీ వీపు చూపలేదు. బస్సులో ఆఖరి సీటు, హోటల్లో గోడవారన కుర్చీ, ఇంట్లో కుట్టుమిషను తలుపుకి ఎదురుగా. అక్కని సాగనంపడానికి గుమ్మం దాకా వచ్చినా, మళ్ళీ లోపలికి వెనకడుగులు వేస్తూనే వెళ్ళేది.

ఈ అలవాటు మొగుడు నేర్పిపోయింది. చెప్పుల ఫ్యాక్టరీలో తోలు కోసే పని అతనిది. విడిపోదామని ఇద్దరూ మాట్లాడుకున్న రోజున, బట్టలు సంచిలో సర్దుకుని "వెళ్ళొస్తా" అన్నాడు. తలుపు మూసిన చప్పుడు వినబడింది. హమ్మయ్య అనుకుని ఆమె మిషను ముందు కూర్చుని ఒక తెల్ల చొక్కాకి కాలరు కుట్టడం మొదలుపెట్టింది. అతను తలుపు మూసింది లోపలి నుంచి. తోలు కత్తితో పదకొండు వేట్లు వేశాడు. ఎనిమిదో వేటు దాకా ఆమెకి స్పృహ ఉంది. కాలరు ఎర్రబడుతుంటే, ఇది ఎవరి చొక్కానో, వాళ్ళకేం చెప్పాలో అనుకుంది.

ఆసుపత్రిలో రెండద్దాలు పెట్టించుకుని వీపు చూసుకుంది. "ఇవేం కుట్లే అక్కా, గోనెసంచికి వేసినట్టు!" అంది. అక్క ఏడుస్తూనే నవ్వింది.

ఇప్పుడు అతను జైలు నుంచి బయటికొచ్చాడు. ఆ కబురు విన్న వారానికే టైలరమ్మ, వీపంతా పచ్చబొట్టు వేయించుకుంటానంది.

"పువ్వులా?" అంది అక్క.

"ముళ్ళపంది."

"ఆడదాని వీపు మీద పందేంటే, నీ మొహం మండా!"

"పందికీ దానికీ చుట్టరికం లేదే. వెనకనుంచి ఎవడన్నా వస్తే ముళ్ళు లేపి, వెనక్కే దూసుకెళ్తుందట. పుస్తకంలో చదివా. పదకొండు ముళ్ళు వాడే గీసిపెట్టాడు. మిగతావి గీసే మనిషి కావాలి."

ఆ మనిషి దొరకడమే కష్టం. వీపంత బొమ్మంటే గంటల తరబడి బోర్లా పడుకోవాలి. వెనక సూది పట్టుకుని ఎవరో ఉంటారు. ఎవరికని వీపు అప్పగించడం?

మొదటి షాపులో గోడలన్నీ అద్దాలు. పచ్చబొట్లు వేసే కుర్రాడు ఫోనులో తను వేసిన బొమ్మలు చూపించాడు. అన్నీ అప్పుడే వేసినవి, చర్మం ఇంకా ఎర్రగా మెరుస్తోంది.

"ఉతికాక ఎలా ఉంటుందో చూడకుండా బట్ట కొనను నేను. రెండేళ్ళయినవి చూపించు బాబూ."

"అవి ఎవరు దాస్తారు ఆంటీ? మీకు నెమలి వేస్తా. మచ్చ ఒక్కటి కనబడితే అడగండి."

"దాచమని అడిగానా?" అని లేచింది.

రెండోవాడు మెత్తని మనిషి, మాటా నెమ్మదే. మచ్చలు చూద్దామని చెప్పాపెట్టకుండా వెనక్కి వచ్చి, చల్లటి వేలు భుజం మీద పెట్టాడు. టైలరమ్మ మోచెయ్యి దానంతటదే లేచి అతని ముక్కుని తాకింది. ఎముక విరిగిన చప్పుడు. కాగితాల మీద, బల్ల మీద, అతని తెల్ల బూట్ల మీద రక్తం. వెంట వచ్చిన అక్క తన కొంగుతో తుడుస్తూ నూటొక్కసారి క్షమాపణ చెప్పింది.

మూడో చోటు మేడ మీద చిన్న గది. అక్క మూలనున్న ఇనపస్టూలు మీద కూర్చుంది. యాభై దాటిన ఆవిడ, దిట్టమైన చేతులు. అడగకముందే పైజామా పైకి లాగి తన పిక్క చూపించింది. కాలిన మచ్చ మీద పదేళ్ళనాటి చేప, ఇంకా పొలుసులు చెక్కుచెదరలేదు.

"ఏం వేయాలి?"

"ముళ్ళపంది."

ఆవిడ నవ్వలేదు. "నడుస్తోందా, కోపంలో ఉందా?"

"కోపంలో."

"అయితే ముందు మీ మచ్చల్ని కాగితం మీదికి ఎత్తుకోవాలి. బొమ్మ వాటినిబట్టి వస్తుంది."

టైలరమ్మ తలుపు వంక, మంచం వంక మార్చిమార్చి చూస్తోంది. ఆవిడ అది గమనించి, ఏమీ అడక్కుండా, బరువైన ఇనపమంచాన్ని కిర్రుమనిపిస్తూ ఈడ్చి, తల తలుపు వైపుకొచ్చేలా తిప్పింది. టైలరమ్మ కత్తెరున్న సంచి తలాపున పెట్టుకుని, మూడేళ్ళకి మొదటిసారి బోర్లా పడుకుంది. పల్చటి కాగితం వీపు మీద పరిచి, పెన్సిలు ఎప్పుడు ఆనిస్తోందో ఆవిడ ముందే చెబుతోంది. "ఇప్పుడు నాలుగోది. ఇప్పుడు అయిదోది."

ఏడోది గీస్తుండగా తలుపు తెరుచుకుంది.

"వెళ్ళొస్తానన్నాగా," అన్నాడు మొగుడు. చేతిలో అదే రకం కత్తి.

ఈసారి టైలరమ్మ ముందే చూసింది. పక్కకి దొర్లింది. కత్తి పరుపులో పిడి దాకా దిగింది. పెరికి మళ్ళీ ఎత్తాడు. మేడ మీదావిడ ఉత్త చేత్తో కత్తి అంచుని పట్టుకుంది. అతను లాగాడు. ఆవిడ వదల్లేదు. వేళ్ళ సందుల్లోంచి రక్తం మోచేతి దాకా కారింది. టైలరమ్మ సంచిలోంచి కత్తెర తీసి అతని తొడలో దింపింది. తీసి మళ్ళీ దింపింది. ఒంటి మీద కప్పుకున్న దుప్పటి జారిపోయిందన్న ధ్యాస కూడా లేదు. అతను కూలబడ్డాడు. అక్క ఇనపస్టూలుతో కత్తి పట్టుకున్న చేతిని వేళ్ళు విచ్చుకునేదాకా మోదింది.

కింది షాపులవాళ్ళు పరుగున వచ్చి అతన్ని కట్టేశారు. పోలీసులొచ్చి తీసుకుపోయాక అక్క నేల మీద కూలబడి నెత్తి బాదుకుంది. "పొద్దున మీ అత్త ఫోను చేసిందే. పెద్దావిడ కదా, ఇవాళ ఎక్కడికెళ్తున్నారని అడిగితే చెప్పేశా. నా నోరు పడిపోనూ!"

టైలరమ్మ పల్చటి కాగితాన్ని మేడ మీదావిడ అరచేతికి చుడుతోంది. పెన్సిలు గీతలు ఒక్కొక్కటే ఎర్రబడి మాయమయ్యాయి.

ఆవిడ కుడిచేతి నరాలు తెగాయన్నారు డాక్టర్లు. ఆరు నెలలు పని చేయకూడదు, ఆ తర్వాతా పట్టు వస్తుందో రాదో. ఊళ్ళో ఇంకెవరూ లేరా అంది అక్క. టైలరమ్మ ఆవిడ కోసమే ఆగింది. రోజూ పొద్దున వెళ్ళి ఆవిడ జాకెట్టు హుక్సు పెట్టి, జుట్టు దువ్వి వచ్చేది.

ఎనిమిదో నెలలో ఆవిడ సూది పట్టుకుంది. కొన వణికింది. "గీత తిన్నగా రాదమ్మా. ఇంకొకరి దగ్గరికి వెళ్ళు. నేనేమీ అనుకోను."

"కోపంలో ఉన్నదాని ముళ్ళు వణకవా ఏంటి?" అంది టైలరమ్మ, చొక్కా విప్పుతూ.

ఆవిడ మంచం తిప్పడానికి ఎడంచేత్తో పట్టుకుంది. ఒంటిచేత్తో కదల్లేదు.

"అలాగే ఉండనీండి," అని టైలరమ్మ తల గోడవైపు పెట్టి బోర్లా పడుకుంది. వెనక, తెరిచిన తలుపు దగ్గర, అక్క స్టూలు మీద ఫోను ఆపేసుకుని కూర్చుంది. సూది తాకగానే టైలరమ్మ ఒళ్ళంతా ఒక్కసారి బిగిసింది. లేవలేదు.