నా అన్నల్ని విరిచిన వేగం

నేను ఒక కార్బైడ్ కట్టర్‌ని. చిటికెనవేలంత ఒళ్లు, నాలుగు అంచులు. గిర్రున తిరుగుతూ లోహాన్ని కోసి ఆకారం తేవడం నా పని. బాలానగర్‌లో ఒక చిన్న మిషన్ షాపుకి ఒకే పెట్టెలో పన్నెండుమందిమి వచ్చాం. వారం తిరక్కుండా పదకొండుమంది అన్నలు విరిగిపోయారు.

టైటానియం చంపిందన్నారు. ఆ లోహం మొండిదే. కోతలో పుట్టే వేడిని తను తీసుకోదు, అంతా మా అంచుల మీదికే నెడుతుంది. కానీ దాన్ని ఉక్కును కోసే వేగంతో కొయ్యమన్నది ఫోర్‌మన్ జనార్దన్. మిషన్ నడిపే స్వరూప వద్దని మొత్తుకుంటూనే ఉంది. యజమాని విఠల్‌రావు వచ్చి అడిగితే, ఫోర్‌మన్ ఆమె వైపు వేలు చూపించాడు.

"ఆడమనిషి చేతికిస్తే గిట్లనే ఉంటది సార్."

అందరి ముందే ఆమెను మిషన్ మీంచి తీసేసి, పార్టులు తుడిచే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. ఆమె ఏడవలేదు. పెట్టెలో ఒంటరిగా మిగిలిన నాకు మాత్రం పగ పుట్టింది.

తుడుస్తూనే ఆమె విరిగిన మావాళ్ల అంచుల్ని భూతద్దంలో చూసేది. ఎక్కడ కాలింది, ఎక్కడ లోహం అతుక్కుంది. పదోరోజు యజమాని ముందు నిలబడింది.

"ఒక్క కట్టర్ మిగిలింది సార్. నాకియ్యుండ్రి. ఇరిగితే రేపటి సంది పనికి రాను."

యజమాని సరేనన్నాడు. ఆమె వేగం మూడోవంతుకి దించింది. చల్లబరిచే కూలెంట్ ధారను సరిగ్గా నా అంచు మీద పడేలా తిప్పింది. నన్ను ఒక్క క్షణం కూడా ఒకేచోట రుద్దుకోనివ్వలేదు. ఆగితే ఆ లోహం అక్కడే గట్టిపడుతుందని ఆమె పసిగట్టింది. ఆరు పార్టులు కోశాను. అంచు చెక్కుచెదరలేదు.

జనార్దన్ నవ్వాడు. "ఏం లేదు సార్, ఈ కట్టర్ మంచిదొచ్చింది."

"అయితే దీన్ని మీరే నడపుండ్రి," అంది స్వరూప. "మీ స్పీడుతోనే."

యజమాని ఎదురుగా ఉన్నాడు. తప్పించుకునే దారి లేక జనార్దన్ వేగం మళ్లీ పెంచి మీట నొక్కాడు. నా చావు నాకు తెలుసు. నిలబడాలని నేను ప్రయత్నించనూ లేదు. అంచులు ఎర్రగా కాలాయి, లోహం కరిచిపట్టుకుంది, నిమిషం లోపే ఫట్‌మని విరిగాను.

మిషన్లన్నీ ఆగాయి. స్వరూప వదల్లేదు.

"ఆనాడు అందరి ముంగట నన్నన్నరు. ఇయ్యాల అందరి ముంగట చెప్పుండ్రి, ఎవరు ఇరగ్గొట్టిండ్రో."

"నేనే," గొణిగాడు జనార్దన్.

"ఇనపడలే."

అతను మళ్లీ చెప్పాడు, ఈసారి షాపంతా వినేలా. లోహపు తుక్కులో రెండు ముక్కలై పడున్న నేను, రెండుసార్లూ విన్నాను.