వంటింటి కిటికీకి స్టీలు జాలీ

చెన్నబసప్ప తలరుమాలు పోయింది. బజార్లో కాదు, ఇంట్లో దండెం మీదనే పోయింది.

జహీరాబాద్‌లో కొత్త ఇల్లు కట్టుకుంటూ, అది పూర్తయ్యేదాకా స్టేషన్ దగ్గర ఒక గది కిరాయికి తీసుకొని ఉన్నారు ఆయన, భార్య, కొడుకు. తెల్లారి లేచి చూస్తే కిటికీ ఊచలు ఉన్నచోటనే ఉన్నాయి. తలుపు గొళ్లెం పెట్టినట్టే ఉంది. దండెం మాత్రం బోసిగా ఉంది. కిటికీ అవతల గోడకు ఒక పొడుగు వెదురు కట్టె ఆనించి ఉంది, దాని కొసకు ఇనుప కొక్కెం. దొంగ బయటనే నిలబడి, చేపను పట్టినట్టు రుమాలును పట్టి లాక్కుపోయాడు. తొందరలో కట్టె మరిచిపోయాడు.

"రుమాలు పోతే పోయింది, వాని సామాను నాకు దొరికింది" అని చెన్నబసప్ప ఆ కట్టెను లోపలికి తెచ్చి మూలకు పెట్టుకున్నాడు.

అట్లా అన్నాడే కానీ ఆ రోజు అల్లం అమ్మడానికి మండీకి బోడినెత్తితో పోవలసి వచ్చింది. ముప్పై ఏళ్లలో రుమాలు లేకుండా ఆయన్ని ఎవరూ చూడలేదు. "ఏం పటేలా, తలనీలాలిచ్చినవా?" అని ఒకరు, "ఎవరో చెన్నబసప్ప తమ్ముడనుకున్న" అని ఒకరు. సాయంత్రం ఇంటికి వచ్చి చెప్పులు విడిచి, కొడుకును పిలిచాడు.

"మల్లూ, కొత్తింటి తలుపులకు, కిటికీలకు ఏం పెట్టిస్తే దొంగ రాడో నువ్వే సూడు. బీకాం సదివినవ్. మాకేమెరుక?"

మల్లికార్జున్ వెంటనే నోటుబుక్కు వెతుక్కున్నాడు. న్యాల్‌కల్ దిక్కు వాళ్ల ఊళ్లో, వాళ్ల వంశంలో ఏడో తరగతి దాటిన మొదటివాడు అతను. ఇరవై నాలుగేళ్లు నిండాయి, సహకార సంఘంలో గుమాస్తా నౌకరీ. కానీ ఇంట్లో ఎద్దులు కొన్నా, బావి తవ్వించినా, చివరికి అతను ఏ కాలేజీలో చేరాలన్నా నాయినదే మాట. ఇన్నాళ్లకు ఒక పని అతని చేతికి వచ్చింది. ఇది సరిగ్గా చేస్తే మళ్లీ అడుగుతాడు. చెడగొడితే మళ్లీ అడగడు. ఆ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు.

తల్లి శరణమ్మ రొట్టె తడుతూ వింటోంది. "ఏదన్న పెట్టు బిడ్డా. నా వంటింటి కిటికీ ఒక్కటి నాకుంటే సాలు" అంది.

ఆ మాటకు ఒక వెనకటి కథ ఉంది. శరణమ్మకు పట్నం రావడం ఇష్టం లేదు. "ఆడ నేనెవలతోని మాట్లాడాలె? గోడలతోనా?" అని ఆర్నెల్లు సాగదీసింది. ఇల్లు మొదలయ్యాక గోడలకు నీళ్లు పట్టడానికి రోజూ వచ్చేది. వంటింటికి ఎదురుగా, చేయి చాపితే అందేంత దూరంలో, పక్కింటి నర్సమ్మ వంటింటి కిటికీ. రెండిళ్ల తలుపులు వేర్వేరు గల్లీల్లోకి ఉన్నాయి. తలుపు నుంచి తలుపుకు పోవాలంటే కిరాణా దుకాణం మూల తిరిగి చాలా దూరం నడవాలి. కిటికీలోంచి అయితే కూర్చున్నచోటనే. నర్సమ్మ ఛాయ్ అందించేది, ఈమె జొన్నరొట్టె అందించేది. ఒక రోజు చింతకాయ తొక్కు, ఒక రోజు మజ్జిగ. నెల తిరిగేసరికి "అక్కా", "చెల్లె" అయ్యారు. "కిటికీ అవుతల నర్సమ్మున్నది, ఇగ నేనొస్త పట్నం" అని శరణమ్మే చెప్పింది.

మల్లికార్జున్‌కు ఇదంతా తెలుసు. కానీ ఆ రోజు అతని తల నిండా దొంగే ఉన్నాడు.

నోటుబుక్కు పట్టుకొని బీదర్ రోడ్డు మీది మదన్‌మోహన్ దుకాణానికి పోయాడు. మదన్‌మోహన్ తలుపులు, గేట్లు చేసే మిస్త్రీ. వచ్చినవాణ్ని కూర్చోబెట్టి ఛాయ్ తాగించి, వాడు అడగనిదంతా చెప్పే మనిషి.

"సూడు సార్. గాలి రావాలె, ఎలుతురు రావాలె. దొంగ రావద్దు, కోతి రావద్దు, పిల్లి రావద్దు. గీ ఐదు సంగతులు సూసుకుంటే అయిపాయె." అరచేయంత ముక్కలు మూడు ముందర పెట్టాడు. ఒకటి రంగేసిన ఇనుప జాలీ, ఒకటి జింకు పూత జాలీ. మూడోది పెద్ద పట్నం నుంచి తెప్పించిన స్టెయిన్‌లెస్ స్టీలు జాలీ. తీగ లావుగా ఉంది, తీగల మధ్య కండ్లు చిన్నగా ఉన్నాయి.

మల్లికార్జున్ ఐదు సంగతులూ రాసుకున్నాడు. పాడైపోయిన రేడియోలోంచి తీసిన అయస్కాంతం జేబులోనే ఉంది. స్టీలు ముక్కకు ఆనిస్తే పట్టలేదు.

"పట్టలేదంటె అసలు స్టీలే" అన్నాడు.

"సదువుకున్నోళ్లతోని గిదే తిప్పలు" అన్నాడు మదన్‌మోహన్ నవ్వుతూ. "గిన్నెలు కొనేటప్పుడు ఆడోళ్లు సూస్తరు గట్ల."

మూడు ముక్కలూ ఇంటికి తెచ్చాడు. శరణమ్మ అయస్కాంతాన్ని నమ్మలేదు. చిన్న మట్టి గురిగిలో చిక్కటి చింతపండు పులుసు పోసి, ఉప్పేసి, మూడింటినీ అందులో ముంచింది. "మూడొద్దులు కానీ. పులుసుకు నిలవడ్డదే నా ఇంట్ల నిలవడ్తది."

మూడో రోజు తీస్తే ఇనుపది నల్లబడి తుప్పు కారుతోంది. పూత జాలీ తెల్లగా పొక్కి ఊడుతోంది. స్టీలుది కడిగితే కొత్త గిన్నెలా మెరిసింది. శరణమ్మ దాన్ని కొంగుతో తుడిచి, కొత్తింటికి తీసుకుపోయి వంటింటి కిటికీలోంచి నర్సమ్మకు చూపించింది. "మస్తున్నది అక్కా, గిదే పెట్టియ్యిన్రి" అని ఆమె కూడా చెయ్యెత్తి ఒప్పుకుంది.

కొత్తింటి కిటికీలన్నిటికీ జాలీలు బిగించిన రోజు చెన్నబసప్ప దొంగ కట్టె తీసుకొని బయటికి పోయాడు. లోపల దండెం మీద కొత్త రుమాలు వేయించి, కొక్కేన్ని గల్లీ దిక్కు కిటికీ జాలీలోంచి దూర్చబోయాడు. దూరలేదు. పొడిచాడు, గీకాడు, ఎగిరి కొట్టాడు. గల్లీలో పది మంది చేరారు. "పటేలా, దొంగతనం మానుకో ఇగ, నీతోని కాదు" అని ఎవరో అంటే అందరూ గొల్లుమన్నారు. చెన్నబసప్ప చెమట తుడుచుకుంటూ, "మా పిలగాడు సూసి పెట్టిచ్చిండు" అన్నాడు. ఆ మాటతో మల్లికార్జున్‌కు ఆ రాత్రి అన్నం సయించలేదు, సంతోషంతో.

గృహప్రవేశం నాడు పాలు పొంగాయి. శరణమ్మ మొదటి వాయి పూర్ణం పోలెలు పళ్లెంలో పెట్టి, నెయ్యి వేసి, "చెల్లె, అందుకో" అంటూ కిటికీలోకి చాపింది.

టంగుమంది.

పళ్లెం జాలీకి తగిలి ఆగింది. అవతల నర్సమ్మ చాపిన చెయ్యి జాలీ బయట ఆగింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"అయ్యో అక్కా, నన్ను గూడ దొంగలల్ల కలిపిన్రా?" అని నర్సమ్మ నవ్వింది. శరణమ్మ కూడా నవ్వింది. నవ్వి, పళ్లెం కింద పెట్టింది. తర్వాత దాన్ని కొంగు కింద దాచుకొని, కిరాణా దుకాణం మూల తిరిగి ఇచ్చి వచ్చేసరికి ఇంట్లో చుట్టాలు ఆమె కోసం వెతుకుతున్నారు.

గడపలో నిలబడ్డ మల్లికార్జున్ ఇదంతా చూశాడు. ఐదు సంగతులు రాసుకున్నాడు, ఆరోది రాసుకోలేదు.

మరునాడు, ఆ మరునాడు కూడా చూశాడు. ఇద్దరూ జాలీలోంచి మాట్లాడుకుంటున్నారు కానీ, రొట్టె కాలినప్పుడు తల్లి చెయ్యి అలవాటుగా లేచి, మళ్లీ దిగుతోంది. మాటలు కూడా తగ్గుతున్నాయి. "అవ్వా, ఎట్లున్నది?" అని తల్లిని అడిగితే, "గాలి మంచిగొస్తున్నది బిడ్డా" అంది. ఆమె తిట్టి ఉంటే బాగుండేది.

సాయంత్రం తండ్రి ముందు నిలబడ్డాడు. "నాయినా, నేను తప్పు చేసిన. వంటింటి జాలీ కొయ్యాలె."

చెన్నబసప్ప కొడుకు దిక్కు తేరిపార చూశాడు. "కొత్త స్టీలు కోస్తవా?"

"ఊఁ. అవ్వ చెయ్యి పోతలేదు."

ఆయన లేచి వంటింటి కిటికీ దాకా పోయి, జాలీని వేలితో తట్టి చూసి వచ్చాడు. మల్లికార్జున్ ఇక అయిపోయిందనుకున్నాడు.

"ఎంత కోస్తవ్?"

"రొట్టె పట్టేంత."

"ఎవల రొట్టె? మీ అవ్వ రొట్టె శాటంత ఉంటది. నర్సమ్మది అరచెయ్యంత."

"శాటంతనేం ఉంటది?" వంటింట్లోంచి శరణమ్మ గొంతు లేచింది. "ముప్పై ఏండ్ల సంది తింటివి, ఇయ్యాల కనవడ్డదా పెద్దగ?"

మదన్‌మోహన్ కత్తెర, రివిట్లు పట్టుకొని వచ్చాడు. "గీ స్టీలుకు నా వెల్డింగు పట్టది సార్, రివిట్లే కొట్టాలె. కొలత జెప్పున్రి" అన్నాడు. శరణమ్మ అప్పుడే దించిన రొట్టె తెచ్చి జాలీకి ఆనించి పట్టుకుంది. మల్లికార్జున్ దాని చుట్టూ చాక్‌పీసుతో గీత గీశాడు. ఆ గీత మీద కొంచెం వదులుగా, నలుచదరంగా కోసి, అంచులకు పట్టీ కొట్టి, చిన్న తలుపు చేసి, లోపలి దిక్కు గడియ పెట్టాడు మదన్‌మోహన్. "నలభై ఊర్లల్ల తలుపులు జేసిన. రొట్టెకు తలుపు జేసుడు గిదే మొదలు" అన్నాడు పోతూ పోతూ.

అతను పోగానే చెన్నబసప్ప కొత్త రుమాలు చుట్టుకొని, దొంగ కట్టె తీసుకొని వంటింటి కిటికీ అవతలికి పోయాడు. కొక్కెంతో చిన్న తలుపును గీకాడు. లాగాడు. గడియ కదలలేదు.

"ఎవలది?" అంది శరణమ్మ లోపలినుంచి.

"దొంగను."

గడియ జరిగింది. చిన్న తలుపు తెరుచుకుంది. పొగలు కక్కే రొట్టెను నాలుగు మడతలు పెట్టి కొక్కేనికి తగిలించి, "గిది తీస్కపో. మల్ల రుమాలుకు రాకు" అంది.

ఎదురు కిటికీలోంచి నర్సమ్మ గిన్నె చాపింది. "అన్నా, ఒట్టి రొట్టె ఏం తింటవ్? తొక్కు పట్టు."

చెన్నబసప్ప రెండు కిటికీల మధ్యన నిలబడి, కట్టె చంకన పెట్టుకొని, రొట్టె తొక్కులో అద్దుకొని తింటూ కొడుకును కేకేశాడు.

"మల్లూ! ఊర్ల బావికి ఏ మోటరు పెట్టాలెనో రేపు పోయి సూసి రా."

మల్లికార్జున్ నోటుబుక్కు తీశాడు. మోటార్ల పేర్లకంటే ముందు, పైన ఒక వరుస రాసుకున్నాడు: "బావికాడ నీళ్లు పట్టుకునేది ఎవరు? వాళ్లను అడగాలె."