పెరట్లో నీడ

పొద్దున్నే లాండ్రీకి వెళ్లి, ఆసుపత్రి దుప్పట్లు ఇస్త్రీ చేసి చేసి, మధ్యాహ్నానికి కోడలు ఇల్లు చేరేసరికి రోజూ ఒకటే వరస. పెరట్లో ఆమె పనిబల్ల పక్కన అత్తగారు మంచం వాల్చుకుని కునుకు తీస్తూ ఉండేది. మంచం కాళ్ల దగ్గర మంచినీళ్ల కుండ, కూరగాయల బుట్ట. అటుపక్క మొగుడి స్కూటరు, సీటు కాలకుండా. ఇటుపక్క ఉయ్యాల్లో పసిపాప, ఒక చేత్తో ఉయ్యాల ఊపుతూ ఇంకో చేత్తో ఫోను చూసుకుంటూ పాప తల్లి, ఆడపడుచు. చుట్టూ ఎండ మాడ్చేస్తుంటే వీళ్లంతా చల్లగా కూర్చుని ఉన్నది కోడలి నీడలో.

ఆ ఊళ్లో అంతే. ఎవరైనా ఒక పని మొదలుపెట్టి మధ్యలో వదిలేసి పోతే, వాళ్ల నీడ ఆ పని దగ్గరే ఉండిపోతుంది. తిరిగొచ్చి పని అందుకుంటే లేచి కాళ్ల కిందికి వస్తుంది. మళ్లీ వదిలేస్తే మళ్లీ అక్కడే కూర్చుంటుంది. పని పూర్తయితేనే మనిషి వెంట నడుస్తుంది. ఉత్తుత్తి కోరికైతే నీడ పల్చగా ఉంటుంది, గట్టిదైతే చిక్కగా, వెడల్పుగా ఉంటుంది. వీధి చివర వ్యాయామశాలలో ఇనపకడ్డీల కింద కొత్త సంవత్సరం మొదటివారం తాలూకు పల్చటి నీడలు బోలెడు. తుడిచేవాడు చీపురుతో వాటిని చుట్టుకుని వెళ్లిపోతాడు.

కోడలి మొగుడిదీ ఒక నీడ ఉంది పెరట్లో. పెళ్లయిన కొత్తలో పెరటికి రేకుల కప్పు వేస్తానని గుంజలు పాతి, సుత్తి కింద పెట్టి, టీ తాగొస్తానని లోపలికి వెళ్లాడు మహానుభావుడు. ఆ టీ ఇంకా తాగుతూనే ఉన్నాడు. గుంజ మొదట్లో అతని నీడ ఒక చెప్పుల జతకి సరిపోయేంత ఉంటుంది. అత్తగారికైతే కాళ్ల కింద నీడే లేదు. ఎక్కడ వదిలొచ్చిందో ఎవరూ అడగలేదు. అలాంటివి అడగడం మర్యాద కాదు.

ఇక కోడలి కోరిక. నది అవతల పడవల కార్ఖానా ఉంది. ఒకసారి రేవు దాటుతూ ఆమె పడవ చెక్కల మీద చెయ్యి వేసింది. ఒక చెక్క ఎక్కడ అయిపోయి ఇంకోటి ఎక్కడ మొదలైందో గోటితో ఎంత తడిమినా దొరకలేదు. అంతే, ఆ రోజు నుంచి ఆమెకి వేరే ధ్యాస లేదు. కార్ఖానాలో చేరాలంటే చదువుల కాగితాలు అక్కర్లేదు. మేకు లేకుండా, జిగురు లేకుండా, ఎవరి సాయమూ లేకుండా ఒక పెట్టె చేసుకురావాలి. గేటు దగ్గర దాన్నిండా నీళ్లు పోస్తారు. లోపల పనివాళ్లు టిఫిను తిని వచ్చేసరికి పెట్టె కింద నేల పొడిగా ఉండాలి. ఏడాదికి ఒక్కసారే, వానలకు ముందు తీసుకుంటారు. ముప్పై అయిదు దాటినవాళ్లని తీసుకోరు. కోడలికి ఇదే ఆఖరి ఏడు.

ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. తెలిసి ఏం చేశారో వినండి.

మధ్యాహ్నం ఆమె వచ్చి ఉలి పట్టుకునేది. నీడ లేచి ఆమె కాళ్ల కిందికి వచ్చేది. మంచం మీద ఎండ పడేది. పడగానే అత్తగారికి మోకాలినొప్పి గుర్తొచ్చేది. అమ్మాయ్, ఒక్క నిమిషం, ఆ నూనె సీసా ఇలా ఇచ్చి వెళ్లమ్మా. నూనె సీసా ఇచ్చి వస్తే ఆడపడుచుకి పాపాయి పాలసీసా కావాలి, ఒక్క నిమిషం వదినా. అదీ అయితే మొగుడికి స్కూటరు తాళం కనపడదు. ఆమె ఉలి కింద పెట్టడం ఆలస్యం, నీడ బల్ల దగ్గర పరుచుకునేది, అందరూ మళ్లీ సర్దుకుని కూర్చునేవాళ్లు. అంతటితో నొప్పులన్నీ మాయం.

వద్దు అని ఒక్కరు అన్నారా? అనలేదు. అదే ఒళ్లు మండే సంగతి. వద్దంటే ఎదురు తిరగొచ్చు. ఒక్క నిమిషం అంటే ఏ మనిషైనా ఏం చేస్తుంది? పైగా పొగడ్తలు కూడా. మా కోడలికి ఎంత పట్టుదలో చూశారా అని అత్తగారు పక్కింటివాళ్లకి చెప్పి మురిసిపోయేది. ఆ పట్టుదల కాస్తా పనికొచ్చి పెట్టె పూర్తయితే తన మంచం ఎండలో పడుతుందని ఆవిడకి తెలియదూ? మొగుడైతే ఇంకో ఘనకార్యం చేసేవాడు. గెలిచినవాళ్లు పొద్దున్నే లేచి ఏం చేస్తారో చెప్పే వీడియోలు రోజుకొకటి ఆమె ఫోనుకి పంపేవాడు. ఎక్కడ పడుకుని పంపేవాడనుకున్నారు? ఆమె నీడలోనే.

చివరికి పాపం కోడలు తన్నే అనుమానించుకుంది. నాలోనే ఏదో లోపం ఉంది, మొదలుపెట్టినదేదీ పూర్తిచేయలేను అని లాండ్రీలో కళ్లు తుడుచుకుంది. మొద్దుది! ఇంటిల్లిపాదీ కలిసి లాగుతుంటే లోపం తనలో వెతుక్కుంది.

చెక్క ఊరికే ఉండే వస్తువు కాదు. పని ఆగినప్పుడల్లా ఒక పూట ఎండకి, ఒక పూట తేమకి వంకర తిరుగుతుంది. చెక్కల అంచుల్ని పళ్లలాగా కోసి, ఒకదాని సందుల్లో ఇంకోదాని పళ్లు దిగేలా కుదర్చాలి. ఇవాళ కుదిరినవి రేపటికి కుదరవు. ఆమె కోసినవే మళ్లీ కోస్తూ వచ్చింది. అయినా వదల్లేదు. కార్ఖానా గేటు తెరిచే రోజు దగ్గరపడేసరికి నాలుగు పక్కలూ కోసి, చిత్రిక పట్టి, గోడకి ఆనించి ఆరబెట్టింది.

మర్నాడు లాండ్రీ నుంచి వచ్చేసరికి ఆ చెక్కల మీద పాపాయి తడి గుడ్డలు ఆరేసి ఉన్నాయి.

కోడలు గుడ్డలు తీసి చూసింది. రెండు పక్కల పళ్లు ఉబ్బిపోయాయి. ఆడపడుచు ఫోను మీంచి తలెత్తి, అయ్యో, చూసుకోలేదు వదినా, అంది. అత్తగారు పక్కకి ఒత్తిగిలింది. మొగుడు మెల్లగా వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు.

"పోన్లే, ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు," అన్నాడు.

"వచ్చే ఏడు నన్ను తీసుకోరు. ఆ సంగతి మీకు తెలుసు."

"అంత కోపం దేనికి? పసిపిల్ల ఎండలో మాడిపోవాలా ఏమిటి? నీకు ఆ మాత్రం జాలి లేదా?"

అదీ ఆఖరి అస్త్రం, పసిపిల్ల! కోడలు ఉయ్యాల వంక చూసింది. పాప నోట్లో వేలు పెట్టుకుని హాయిగా నిద్రపోతోంది. ఆ తర్వాత గుంజల వంక చూసింది. మొగుడి నీడలో మొగుడి చెప్పులు ఉన్నాయి.

"పసిపిల్లకి నీడ కావాలి, నిజమే," అంది. "ఇన్నేళ్లుగా ఆ గుంజలు మీ మొహం చూస్తూ నిలబడ్డాయి. అక్కడ చేతులాడించడం మీకు చేతకాక, నా బతుకు తీసి పెరటికి కప్పు వేసుకున్నారు. ఇక వేసుకోలేరు."

అరవలేదు. చెక్కల్ని తాడుతో కట్టి నెత్తికెత్తుకుంది. ఉలి, రంపం సంచిలో వేసుకుంది. నీడ లేచి ఆమె కాళ్ల వెంట నడిచింది. అత్తగారి మొహం మీద ఎండ ఫెళ్లున పడింది. అమ్మాయ్, ఒక్క నిమిషం, అంటూ ఆవిడ లేచేలోపు గేటు మూసుకుంది.

లాండ్రీ వెనక వరండాలో ఒక మూల ఖాళీగా ఉంది. ఇస్త్రీవాళ్లకి పెద్ద అయిన పొడుగావిడ, అందరూ ఆవిణ్ణి నిచ్చెనక్క అంటారు, ఆ మూల ఊడ్చి ఇచ్చింది. కోడలు రాత్రికి ఇంటికే వచ్చేది, చెక్క పని మాత్రం అక్కడే. పొద్దున కోడలు ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడినంతసేపూ నీడ ఆ వరండాలో కూర్చునేది. ఆవిరికి ఉడికిపోయిన ఆడవాళ్లు అన్నం డబ్బాలు తెచ్చుకుని అందులోనే తినేవాళ్లు. వాళ్లకీ చల్లదనం చేదు కాదు. కానీ కోడలు తన పని ముగించుకుని వరండాలోకి అడుగు పెట్టగానే, ఎవరూ చెప్పకుండానే డబ్బాలు మూసుకుని ఎండలోకి జరిగేవాళ్లు. ఎవరైనా ఆమెని పిలవబోతే నిచ్చెనక్క కళ్లతోనే ఆపేసేది. చూశారా, చేసింది అంతే. లేచి పక్కకి జరిగారు. అంతకన్నా సాయమేం కావాలి మనిషికి?

పాడైన రెండు పక్కలూ మళ్లీ మొదటినుంచి కోసింది. కోస్తూ ఒక సాయంత్రం ఉలి జారి వేలు తెగితే గుడ్డ కట్టుకుని మళ్లీ కూర్చుంది. చివరి మూల టక్కున బిగిసినప్పుడు నీడ ఆమె కాళ్లకి అంటుకుంది. అన్నం తినేవేళ వరండా అంతా ఎండ. నిచ్చెనక్క నుదురు తుడుచుకుని, బాగుందే, అంది.

ఇంటి దగ్గర సంగతి వేరే చెప్పాలా? కూరగాయలు వాడాయి, కుండలో నీళ్లు కాగాయి, స్కూటరు సీటు పగిలింది. మొదట్లో అందరూ కోడల్ని తిట్టారు. తిట్టడం వల్ల నీడ పడదని తెలిశాక మొగుడు బజారుకి వెళ్లి రేకులు తెచ్చాడు.

కోడలు పూర్తయిన పెట్టెని ఇంటికి తెచ్చుకుంది. కార్ఖానా గేటు తెరిచే రోజు పొద్దున మొగుడు గుంజల మీద, నోట్లో మేకులు పెట్టుకుని ఉన్నాడు. పెట్టె పెద్దది, రేవు మెట్లు ఒంటరిగా దిగడం కష్టం. పెట్టె ఒంటరిగా చేయాలన్నారు గానీ మొయ్యాలనలేదు. అమ్మా, నువ్వు ఒక చెయ్యి వెయ్యి, నేను దిగితే మళ్లీ ఎక్కను, అన్నాడు. ఆ మాట మాత్రం నిజమే చెప్పాడు. అత్తగారు సణిగింది. నది చూస్తే కళ్లు తిరుగుతాయంది. పెళ్లయినప్పటి నుంచి ఆవిడ అవతలి ఒడ్డుకి పోవాలంటే వంతెన మీదుగా బస్సులో చుట్టు తిరిగి వెళ్లేది తప్ప రేవు మొహం చూడలేదు. కానీ ఆ మాడే పెరట్లో కూర్చోవడం కన్నా నయమనుకుందో ఏమో, కొంగు బిగించి పెట్టెకి రెండోపక్క పట్టుకుంది.

రేవులో పడవ కోసం జనం కూర్చుని ఉన్నారు. అక్కడొక పాత నీడ ఉంది, చాలా పెద్దది. రెండు జడలు, చేతిలో తెడ్డు, ఎవరో అమ్మాయి నీడ. టికెట్లాయన బల్ల అందులోనే. సామాన్లవాళ్లు, ముసలివాళ్లు, అందరూ అందులోనే. అత్తగారు మెట్ల మీద ఆగిపోయింది. పెట్టె తన వైపు వాలితే కోడలు వెనక్కి తిరిగి చూసింది. ముసలావిడ నీడనే చూస్తోంది. చూస్తూ చూస్తూ వెళ్లి టికెట్లాయన ముందు నిలబడింది.

"లేవండి," అంది.

"పడవ రానీ అమ్మా, తొందరేముంది? నీడలో కూర్చోండి. ఎవరిదో ఎవరికీ తెలీదు, నేను ఉద్యోగంలో చేరకముందు నుంచీ ఇక్కడే ఉంది."

"నాకు తెలుసు. నాదే. లేవండి."

జనం లేచారు. అప్పుడే వచ్చి ఒడ్డుకి ఆనిన పడవలోకి దిగి ఆవిడ తెడ్డు అందుకుంది. నీడ మెట్లు దిగి, నీళ్ల అంచున ఒక్క క్షణం ఆగి, పడవలోకి వచ్చి ఆవిడ కాళ్ల కింద సర్దుకుంది. జడలు పోయి ముడి వచ్చింది. పడవవాడు ఏదో అనబోయి, ఆవిడ పట్టు చూసి, చుక్కాని దగ్గరికి జరిగాడు.

మొదట పడవ అక్కడక్కడే తిరిగింది. తర్వాత ఆవిడ భుజాలకి దారి గుర్తొచ్చింది. పెట్టెని ఒళ్లో పట్టుకుని కోడలు ఎదురుగా కూర్చుంది. నది సగానికి వచ్చాక అత్తగారు నోరు విప్పింది.

"మా నాన్న పడవ నడిపేవాడు. నాకు నేర్పుతున్నాడు. ఇక్కడిదాకా వచ్చాను, ఇదిగో, సరిగ్గా ఇక్కడిదాకా. ఒడ్డు మీంచి మా అమ్మ పిలిచింది. వద్దనలేదు. ఒక్క నిమిషం రావే అంది."

కోడలికి జాలి కలగలేదు. కోపమే వచ్చింది, ముందుకన్నా ఎక్కువగా.

"అంతా తెలిసీ నన్నెందుకు పిలిచారు అత్తయ్యా?"

ముసలావిడ తెడ్డు ముంచి లాగింది. "చల్లగా ఉండేది," అంది. "అందుకనే."

కార్ఖానా గేటు దగ్గర పెట్టెనిండా నీళ్లు పోసి పనివాళ్లు టిఫినుకి వెళ్లారు. ముట్టుకోకూడదు. ఇద్దరూ పక్కపక్కన నిలబడి చూశారు. కింద ఒక మూల, మళ్లీ కోసిన వైపునే, చెమ్మ ఊరింది. ఊరి బొట్టయింది. వేలాడింది. లోపల చెక్క నీళ్లు తాగి ఉబ్బుతోంది. కొలత సరిగ్గా ఉంటే ఆ ఉబ్బుకే అతుకు బిగుసుకోవాలి, తప్పితే పగలాలి. బొట్టు వేలాడుతూనే ఉంది. దాని వెనక ఇంకో చెమ్మ రాలేదు. ఎండకి అది మెల్లగా చిన్నదై ఆరిపోయింది. పనివాళ్లు వచ్చి వంగి, అరచేతులు నేలకి ఆనించి చూసుకున్నారు. మేస్త్రీ ఆమెకి ఉలి ఇచ్చి లోపలికి రమ్మన్నాడు.

కోడలు ఇప్పుడు పడవలు చేస్తోంది. రోజూ ఆమెని అవతలికి దించేది అత్తగారే. ఆ పూట నుంచి తెడ్డు వదల్లేదు ఆవిడ. ఇద్దరికీ పెద్దగా మాటల్లేవు, కానీ పడవ వేళకి వస్తుంది. పెరటికి కప్పు పడింది, పాప దాని కింద పాకుతోంది.

రేవులో మాత్రం నిలబడేవాళ్లు తెగ గొణుక్కుంటున్నారట. ఎండ దంచేస్తోంది, ఇన్నేళ్లూ చల్లటి నీడ ఉండేది, ఎవరో ముసలమ్మ వచ్చి ఎత్తుకుపోయింది అని. గొణుక్కోనివ్వండి. రేకులు బజార్లో దొరుకుతాయి.