ఒరగని నది

జుట్టు రెండు వైపులా సమంగా ఉందా అని తల పక్కకు వాల్చి చూడడం సెలూన్ ఆయనకు అలవాటు. కొత్త కెమెరా కంటికి ఆనించినా అదే పని. తలతో పాటు కెమెరా కూడా వాలేది. ఏటిగట్టున తీసిన ప్రతి ఫోటోలోనూ నది ఒరిగిపోయేది.

“ఇంకాస్త వంచితే నీళ్లన్నీ మన వంటింట్లోకే,” అని భార్య పగలబడి నవ్వింది.

ఆయనకు ఒళ్లు మండి ఆమెనే గట్టుకు లాక్కెళ్లాడు. వంతెన కింద నీళ్లు బంగారంలా మెరుస్తున్నాయి. కెమెరా ఎత్తగానే తల మళ్లీ వాలింది. ఆమె వెనక నుంచి రెండు చేతులతో ఆ తల గట్టిగా పట్టుకుని, షాపులో ఆయన అనే మాటే అంది: “కదలకండి సార్!”

నది గీత గీసినట్టు వచ్చింది.

ఇప్పుడా ఫోటో సెలూన్‌లో అద్దం పైన ఉంది. “తల కాస్త దించండి సార్” అంటే ఆ నదినే చూస్తూ ఒక్కరూ దించడం లేదు. ఆయన కత్తెర పట్టుకుని హాయిగా ఎదురుచూస్తున్నాడు.