నిప్పు లోపలి పొగ

చుట్ట నిప్పుకొస నోట్లో పెట్టుకుని తాగే అడ్డపొగే దాలమ్మను చంపింది. అంగిట్లో పుండు లేచింది. వట్టి వేడి అని చెప్పి, పసరు పూయించి, ఆసుపత్రికి పోనివ్వనివాడు ఆమె సొంత తమ్ముడు చినబాబు. విజయనగరం చుట్టల కంపెనీకి మేనేజరు. మేనేజరు అక్కకే చుట్టపుండంటే సరుకు ఎవరు కొంటారు? ఆమె తమ్ముడి మాటే విన్నది. గంజి కూడా గొంతు దిగక చనిపోయింది.

అదే కంపెనీ పరీక్షగదిలో ఆమె భర్త జగన్నాధం కెమిస్టు. చుట్టపొగలో ఫీనాళ్లనే విషాలు ఎంతున్నాయో చెప్పమని విదేశీ బేరగాళ్లు అడిగారు. పంతొమ్మిది వందల అరవై ఎనిమిది వేసవంతా ఆయనకు అదే పని. పొగను కాస్టిక్ సోడా కలిపిన నీళ్లలో పట్టి, దాని సారాన్ని తెల్లపొడి నింపిన గాజుగొట్టం పైనుంచి దింపాలి. ఒక్కో పదార్థం ఒక్కో పట్టీగా విడిపోవాలి. విడిపోలేదు. తారుజిడ్డు అన్నిటినీ ముద్ద చేసింది. ముందు పెట్రోలియం స్పిరిటుతో ఆ జిడ్డు కడిగి, తరవాత ఆల్కహాలు బొట్టుబొట్టుగా వదిలాడు. అప్పుడు పట్టీలు విడివడ్డాయి.

ఫీనాళ్ల అంకె తక్కువే వచ్చింది. చినబాబు సంబరపడ్డాడు. జగన్నాధం పడలేదు. పొగ లాగే పంపు మగవాళ్లలా నిప్పు బయట ఉంచి తాగుతోంది. కళింగపట్నంలో పుట్టిన దాలమ్మ అలా తాగలేదు. అక్కడి ఆడవాళ్లు నిప్పు నోట్లో పెట్టుకునే తాగుతారు. ఆయన చుట్టను తిరగేసి, నిప్పు కొసను పొగ పట్టే గాజుబుడ్డి లోపలికి బిగించాడు. ఈసారి దిగిన సారం, ఫీనాళ్లు ఎక్కువైనకొద్దీ ముదిరే రంగుమందు పడగానే, సిరాలా నల్లబడింది.

యజమాని పరీక్ష చూడడానికి వచ్చే రోజున చినబాబు ముందే వచ్చాడు.

"బావా, సుట్ట తిన్నగా ఎట్టు. నిప్పు నోట్లో ఎట్టుకుని ఎవులు తాగుతారు?"

"మీ అప్ప."

"సచ్చినదాని పేరెత్తి నా కూడు పడగొడతావేటి?"

"నీ కూడు సల్లగుండాలనే గదరా అది గంజి లేక పోనాది."

యజమాని వచ్చాడు. జగన్నాధం తిన్నగా పెట్టిన చుట్టదొకటి, తిరగేసినదొకటి, రెండు గొట్టాలూ పక్కపక్కన నడిపించాడు. యజమాని రెండోదాని వంక చూసి, "అది పారబొయ్యి" అన్నాడు.

"పొయ్యను."

సాయంత్రానికి ఉద్యోగం పోయింది. గొట్టం కడగకుండానే బల్ల మీద వదిలేసి, చొక్కా వేసుకుని బయటికి నడిచాడు.

వానలు పడ్డాక చినబాబు బావ ఇంటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. కూర్చోమని జగన్నాధం అనలేదు.

"బావా, సివర్న అప్ప నన్నేటైనా అన్నాదా?"

"అన్నాది."

"ఏటన్నాది?"

"నువ్వడగవలసిన రోజు దాటిపోనాది. ఇంక ఆ మాట ఈ జన్మలో నా నోట రాదు. ఎల్లు."